నెలకు యాభై వేలు, ఇద్దరం: పెన్షన్‌తో దేశాలు తిరిగిన మా అనుభవం

అనంతపురంలో సొంత ఇంట్లో, అద్దె లేకుండా ఉంటేనే మా ఆయనకూ నాకూ నెలకు ముప్పై వేల పైన ఖర్చయ్యేది. పాలు, కూరగాయలు, గ్యాస్, కరెంటు, మందులు, పెళ్ళిళ్ళ చదివింపులు, ఆటోలు, బెంగళూరులో కొడుకింటికి రాకపోకలు అన్నీ కలిపి. ఈ లెక్క నోటు పుస్తకంలో రాసుకున్నాకే మాకు ధైర్యం వచ్చింది. ఇంటికి తాళం వేసి పోతే ఇందులో చాలా భాగం మిగిలేదే. దానికి ఇంకో ఇరవై వేలు కలిపితే వేరే దేశంలో ఇద్దరికీ నెల గడుస్తుందా? గడిచింది. ఒక నెల కాదు, నెలల తరబడి గడిచింది. ఎలా గడిచిందో రాస్తే మాలాంటివాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సోషల్ టీచర్‌గా పనిచేసి 2024లో రిటైరయ్యాను. మా ఆయన ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడిపి మూసేశారు, ఆయనకు పెన్షన్ లేదు. కాబట్టి ఉన్నది నా పెన్షన్, పైన పోర్షన్ అద్దె. అందులో నెలకు యాభై వేలు ఇద్దరికీ అని గీత గీసుకున్నాం. విమానం టికెట్లు, వీసా ఫీజులు, ఇన్సూరెన్స్ అన్నీ అందులోనే సర్దాలి. ఒక నెల మిగిలితే వచ్చే నెలకు కలుస్తుంది. పిల్లల దగ్గర మాత్రం తీసుకోకూడదు అనుకున్నాం.

మా ఆడపడుచుకు చెబితే, "ఈ వయసులో మోకాళ్ళ నొప్పులు పెట్టుకొని అవసరమా వదినా? కాశీ, రామేశ్వరం పోయిరాకూడదా?" అంది. తక్కిన చుట్టాలు అడిగిన మొదటి ప్రశ్న, "కొడుకు అమెరికా పోయినాడా?" అని. విదేశం అంటే పిల్లలు పంపితే పోయేది, లేదంటే ప్యాకేజీలో పోయేది అని మనకు స్థిరపడిపోయింది. బ్యాంకాక్, పట్టాయా ఐదు రోజుల ప్యాకేజీకి ఒక ట్రావెల్స్ వాళ్ళు మా ఇద్దరికీ కలిపి చెప్పిన రేటు మేము అదే దేశంలో రెండు నెలలు ఉన్న ఖర్చుకు దగ్గర్లో ఉంది. తేడా అంతా ఒక్కచోటే ఉంది. ప్యాకేజీలో రోజూ కదులుతారు. మేము ఒక ఊళ్ళో నెల ఉంటాం. డబ్బు తినేది దేశం కాదు, కదలడం. బస్సు, టాక్సీ, ఒక రాత్రి హోటల్ రేటు, కొత్త ఊళ్ళో ఏది ఎక్కడ చవకో తెలియక పెట్టే ఖర్చు, ఇవన్నీ ఊరు మారినప్పుడల్లా కొత్తగా మొదలవుతాయి.

కాగితాల పని పాస్‌పోర్టుతో మొదలు. అనంతపురంలోనే పోస్టాఫీసులో సేవా కేంద్రం ఉంది కాబట్టి తిరుపతి దాకా పోయే పని పడలేదు. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000. లావోస్ వీసా స్టిక్కర్ ఒక్కటే పూర్తి పేజీ తింటుంది, సరిహద్దు దాటినప్పుడల్లా రెండు ముద్రలు పడతాయి. అందుకే ఆ అయిదువందలు పెట్టడమే మేలు. మన తెలుగువాళ్ళకు అసలు ఇబ్బంది పేరు దగ్గర వస్తుంది. నా టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ఉంది. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకు కార్డు మీద రెండు పొడి అక్షరాలు. పాస్‌పోర్టుకు పొడి అక్షరాలు ఒప్పుకోరు, విడమరచి రాయాల్సిందే. అప్లికేషన్ పెట్టకముందే ఆధార్, పాన్, బ్యాంకు అన్నీ ఒకే పేరుకు తెచ్చుకున్నాను. అది అయ్యేసరికి వేసవి దాటింది. కానీ ఈ-వీసాలకు అప్లై చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టాలి, కాబట్టి ఆ ఆలస్యం వృథా కాలేదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచి పాస్‌పోర్టు తీసుకుంటే కొన్ని దేశాలు ఒప్పుకోవు. ఒంటి పేరుతో విజిట్ వీసా ఇవ్వబోమని దుబాయ్ ఉన్న యూఏఈ 2022లోనే చెప్పేసింది. ఇంటిపేరు వేరే గడిలో రాయించుకోండి.

డబ్బు సంగతి. మన డెబిట్ కార్డులు విదేశాల్లో పనిచేయాలంటే బ్యాంకు యాప్‌లో ఆ స్విచ్ మనమే ఆన్ చేయాలి. చాలా కార్డుల మీద మూడు, మూడున్నర శాతం మార్కప్, అంటే డబ్బు మార్చినందుకు బ్యాంకు వేసే అదనపు చార్జీ, పడుతుంది. అది కాక థాయ్‌లాండ్‌లో ఏటీఎం మన కార్డుకు తీసిన ప్రతిసారీ 220 బాట్లు పట్టుకునేది, అంటే అప్పటి లెక్కలో 540 రూపాయల దాకా. వారానికొకసారి కొంచెం కొంచెం తీస్తే నెలకు రెండు వేలు అక్కడే పోతాయి. అందుకని మార్కప్ లేని కార్డు ఒకటి తీసుకొని, నెలకు ఒక్కసారే కావలసిన మొత్తం తీసుకునేవాళ్ళం. ఇక ఓటీపీ. మన సిమ్‌కు రోమింగ్ ఇక్కడున్నప్పుడే ఆన్ చేయించుకొని, చిన్న రీచార్జితో బతికించి ఉంచాలి. వచ్చే మెసేజ్‌కు డబ్బు పడదు, అక్కడి సిమ్ మాట్లాడుకోవడానికి. పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కాబట్టి దాని గడువు చూసుకొని ప్రయాణం పెట్టుకోవాలి.

అనంతపురం వాళ్ళకు ఒక అదృష్టం ఉంది. బెంగళూరు ఎయిర్‌పోర్టు మన హైవే మీదే, దేవనహళ్ళి దాటగానే ఉంది. ఊళ్ళోకి పోకుండానే బస్సు దిగి లగేజీతో లోపలికి పోవచ్చు. కౌంటర్‌లో అమ్మాయి మా పాస్‌పోర్టులు తిప్పి, "రిటర్న్ టికెట్ ఏది?" అంది. మేము పోయినప్పుడు థాయ్‌లాండ్‌కు మనకు వీసా అక్కర్లేకపోయింది, అరవై రోజులు ఇచ్చారు. కానీ ఆ గడువులోపల దేశం వదిలిపోతారని టికెట్ చూపించమని విమానం వాళ్ళే అడుగుతారు. మేము పోబోయేది లావోస్‌కు, అదీ రోడ్డు మీద. ఆ మాట వాళ్ళకు చాలదు. ఇది ముందే తెలుసుకొని బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్‌కు చవకలో దొరికిన టికెట్ ఒకటి కొని ప్రింటు తీసి పెట్టుకున్నాం. మలేషియాకూ అప్పుడు మనకు వీసా అక్కర్లేకపోయింది కాబట్టి అది చెల్లింది. అలాగే మనిషికి 20 వేల బాట్లు చేతిలో ఉన్నట్టు చూపించమని ఇమిగ్రేషన్‌లో అడగొచ్చు. మమ్మల్ని అడగలేదు. అయినా ఉంచుకోవాలి.

బ్యాంకాక్‌లో రెండు రాత్రులకు మించి ఉండలేదు. రాత్రి రైలెక్కి ఉత్తరాన చియాంగ్ మాయికి పోయాం. అక్కడే నేర్చుకున్నాం నెల అద్దెకు గది తీసుకోవడం. ఆన్‌లైన్‌లో మూడు రాత్రులకే బుక్ చేసుకోవాలి. తర్వాత పొద్దున్నే, ఎండెక్కకముందే వీధులు తిరగాలి. కోట గోడ లోపలి పాత ఊళ్ళో రేట్లు ఎక్కువ. గోడ దాటి ఉత్తరం వైపు పదిహేను నిమిషాలు నడిస్తే, మెట్ల కింద చెప్పులు విడిచిన చిన్న చిన్న అపార్టుమెంట్లు, గేటుకు కట్టిన అట్ట ముక్క మీద థాయి అక్షరాలు, కింద ఫోన్ నంబరు కనబడతాయి. మేము తీసుకున్నదానికి నెలకు 5,500 బాట్లు. మంచం, బీరువా, చిన్న ఫ్రిజ్, బట్టలారేసుకునే బాల్కనీ ఉన్నాయి. వంటకు స్టవ్ లేదు. ఓనరమ్మ అనుమతితో కరెంటు కుక్కర్ కొనుక్కున్నాం. ఒక విషయం ఒప్పందం ముందే అడగాలి: కరెంటు యూనిట్ ఎంత? గవర్నమెంటు రేటు నాలుగు బాట్ల చిల్లర ఉంటే చాలా చోట్ల ఓనర్లు ఏడు, ఎనిమిది వేస్తారు. ఏసీ వేసుకుంటే ఆ తేడా తెలుస్తుంది. మేము ఫ్యానుతోనే ఉన్నాం. నవంబర్‌లో అక్కడ చలి మొదలవుతుంది కాబట్టి ఇబ్బంది కాలేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు కాల్చే పొగ ఊరంతా కమ్ముతుంది. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళు ఆ నెలల్లో అటు పోకూడదు.

నోటు పుస్తకంలో ఆ నెల లెక్క ఇది: గది 5,500, కరెంటు నీళ్ళు 900, తిండి 7,500, ఊళ్ళో తిరగడం వెయ్యి, ఫోన్ 300. మొత్తం 15,200 బాట్లు, మన డబ్బుల్లో 37 వేల పైచిలుకు. ఊళ్ళో తిరగడానికి ఎర్ర రంగు వ్యాన్లుంటాయి, వెనక రెండు బెంచీలు, మనిషికి 30 బాట్లు. నేను శాకాహారిని, మా ఆయన అన్నీ తింటారు. అక్కడ కూరగాయల కూర అన్నా అందులో చేపల రసం పడుతుంది. "జే" అని పసుపు పచ్చ జెండా, ఎర్ర అక్షరాలు ఉన్న బండ్ల దగ్గర మాత్రం నమ్మకంగా తినొచ్చు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. రాత్రికి గదిలో అన్నం వండుకొని, ఇంటి నుంచి తెచ్చిన బుడ్డల (పల్లీల) పొడి, పెరుగు. బుడ్డల పొడి రెండు కిలోలు తీసుకుపోయాం. అది అయిపోయినప్పుడు అక్కడి మార్కెట్‌లోనే పల్లీలు, ఎండుమిరపకాయలు కొని రోట్లో దంచుకున్నాను. థాయివాళ్ళ ప్రతి వంటింట్లో రోలు ఉంటుంది, ఓనరమ్మ ఇచ్చింది.

లావోస్‌కు మెకాంగ్ నది మీద పడవలో పోయాం. సరిహద్దు దాటాక హువాయ్ సాయ్ అనే ఊరి నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు రెండు రోజుల ప్రయాణం, మధ్యలో పాక్‌బెంగ్‌లో రాత్రి మకాం. వీసా సరిహద్దులోనే ఇస్తారు. ఫీజు డాలర్లలో కట్టాలి, నోటు మీద గీత ఉన్నా, అంచు చిరిగినా వెనక్కి ఇచ్చేస్తారు. కొత్త నోట్లు విడిగా దాచుకోవాలి. ఫొటో కూడా కావాలి.

ఆ పడవలో సీట్లు పాత వ్యాన్లలోంచి పీకి తెచ్చినవి. చెక్కల మీద వరసగా పెట్టారు, బిగించలేదు. కాళ్ళు చాపుకోవాలంటే సీటునే వెనక్కి జరుపుకోవచ్చు. నది గోధుమ రంగులో, అక్కడక్కడ రాళ్ళు పైకి తేలి, వాటి చుట్టూ నీళ్ళు సుడి తిరుగుతూ ఉన్నాయి. ఊరు అని చెప్పడానికి ఏమీ లేని ఇసుక ఒడ్డు దగ్గర పడవ ఆగేది. ఒకామె బియ్యం మూటతో దిగేది, ఇద్దరు కుర్రాళ్ళు మోటార్ సైకిల్‌ను పలక మీద నుంచి ఎక్కించేవాళ్ళు. ఈ నదిని నేను ఎన్నేళ్ళు బోర్డు మీద సుద్దముక్కతో గీశానో. టిబెట్ పీఠభూమిలో పుట్టి చైనా, మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం మీదుగా సముద్రంలో కలుస్తుందని పిల్లల చేత వల్లె వేయించాను. దాని మీద రెండు పగళ్ళు కూర్చున్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆయన పక్కన ఉన్న లావో పెద్దాయనతో సైగలతోనే స్నేహం చేసుకొని, ఆయన బుట్టలోని బంకగా ఉండే అన్నం చేత్తో ముద్ద చేసి పచ్చడిలో అద్దుకొని తిన్నారు. అచ్చం మనం సంగటి ముద్ద తుంచి తినేట్టే. విమానంలో అయితే గంటలో పోవచ్చు. ఇలా పోతే ఖర్చు తక్కువ, చూసేది ఎక్కువ.

లువాంగ్ ప్రబాంగ్ అందమైన ఊరు, కానీ మా లెక్కకు గదుల రేట్లు ఎక్కువ. వారం దాటి ఉండలేదు. 2021 డిసెంబర్‌లో మొదలైన చైనా రైలు ఉంది, రాజధాని వియంటియాన్‌కు రెండు గంటల్లో చేరుస్తుంది. అక్కడి నుంచి బస్సుల్లో దక్షిణానికి దిగి, లావ్ బావ్ సరిహద్దు దాటి వియత్నాంలో హ్యూ నగరానికి చేరాం. వియత్నాం ఈ-వీసా తొంభై రోజులకు 25 డాలర్లు, ఇంటి దగ్గర నుంచే తీసుకోవచ్చు. అందులో ఏ సరిహద్దు నుంచి లోపలికి పోతామో రాయాలి, అక్కడి నుంచే పోవాలి.

హ్యూలో డిసెంబర్ నెలంతా వానే. మన అనంతపురానికి ఏడాది మొత్తం పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. హ్యూలో 2,500 దాటుతుంది, అందులో చాలా భాగం సెప్టెంబర్ నుంచి డిసెంబర్ లోపలే. బట్టలు ఆరవు, గోడలు చెమర్చి ఉంటాయి. అందుకే టూరిస్టులు తక్కువ, గదుల రేట్లు దిగుతాయి. మేము కావాలనే ఆ నెల ఎంచుకున్నాం. వంటిల్లు ఉన్న గది నెలకు 55 లక్షల డాంగ్‌లు. లక్ష డాంగ్‌లంటే అప్పుడు మన 335 రూపాయలు, కాబట్టి 18 వేల పైన. చియాంగ్ మాయి కన్నా గది ఖరీదు, కానీ తిండి చవక, వంట మనదే. వర్షాలు లేక వలసపోయే ఊళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పిన నేను గొడుగు పట్టుకొని ఆ వానలో రోజూ మార్కెట్‌కు నడిచాను. ఒక్క రోజు కూడా విసుగు పుట్టలేదు.

అక్కడ శాకాహారానికి కష్టం లేదు. హ్యూలో బౌద్ధం బలంగా ఉంది. చాంద్రమానంలో నెల మొదటి రోజు, పున్నమి రోజు మామూలు ఇళ్ళవాళ్ళు కూడా మాంసం ముట్టరు, "చాయ్" (మన టీ కాదు, శాకాహారం అని) రాసిన హోటళ్ళు ఆ రోజుల్లో కిటకిటలాడతాయి. ఇరవై, ముప్పై వేల డాంగ్‌లకు అన్నం, టోఫు, ఆకుకూర, సూప్ కడుపు నిండా. మాకు తిథులు తెలుసు కాబట్టి ఏ రోజు వంట మానేయాలో ముందే తెలిసేది. మా గది కింద కుట్టుమిషన్ పెట్టుకున్న ఒక ముసలామె ఉండేది. పున్నమి నాడు నేనే ఆమెకు గుర్తు చేసినట్టు కిటికీలోంచి చంద్రుడి వైపు చూపిస్తే నవ్వి చేయి పట్టుకునేది.

అక్కడే మా ఆయనకు జ్వరం వచ్చింది. క్లినిక్‌కు పోయాం, రక్త పరీక్ష చేశారు, వైరల్ జ్వరమే. ఫోన్‌లో అనువాదం పెట్టుకొని మాట్లాడాం. బీపీ, షుగర్ మాత్రలకు మేము మూడు నెలల స్టాకు స్ట్రిప్పులతోనే, ప్రిస్క్రిప్షన్‌తో తీసుకుపోయాం. అందులో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకోవాలి, ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ అని. ఆ పేరుతో అడిగితే అక్కడి మందుల షాపుల్లో దొరుకుతాయి. ఇన్సూరెన్స్‌లో ముందు నుంచి ఉన్న జబ్బులకు ప్రాణాపాయం అయితేనే డబ్బు ఇచ్చే పాలసీలు ఎక్కువ. చిన్న అక్షరాలు చదివి తీసుకోండి. ఖర్చు తగ్గించాలని ఇన్సూరెన్స్ మానేయడం మాత్రం నేను ఒప్పుకోను.

జనవరిలో వియత్నాంలోనే హొయ్ ఆన్ అనే ఊరికి మారాం. 2025లో వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ జనవరి 29న వచ్చింది. ఆ వారం ముందూ వెనకా రైళ్ళు, బస్సులు నిండిపోతాయి, రేట్లు పెరుగుతాయి, మార్కెట్లు మూస్తారు. మేము నెల అద్దె ముందే కట్టి, బియ్యం పప్పు కొని పెట్టుకొని కదలకుండా ఉన్నాం. అక్కడి నుంచి నలభై కిలోమీటర్ల దూరంలో మీ సన్ అనే చోటు ఉంది, చంపా అనే పాత రాజ్యపు రాజుల శివాలయాలు. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే రాజు అక్కడ భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. టికెట్ లక్షన్నర డాంగ్‌లు, మా రోజు తిండి ఖర్చు కన్నా ఎక్కువ. అయినా పోయాం, అలాంటి చోట లెక్క చూసుకోకూడదు. ఇటుకల మధ్య సున్నం కనబడదు, కత్తి మొన కూడా దూరనంత దగ్గరగా పేర్చారు. 1969లో అమెరికా బాంబుల్లో అన్నిటికన్నా పెద్ద గోపురం కూలిపోయింది, ఆ గుంతలు ఇంకా ఉన్నాయి. కొన్ని గుళ్ళకు మరమ్మతు చేసింది మన పురావస్తు శాఖవాళ్ళే. 2020లో వాళ్ళు తవ్వుతుంటే ఒకే రాతిలో చెక్కిన శివలింగం బయటపడింది. లేపాక్షికి ఏటా పిల్లల్ని తీసుకుపోయిన నాకు, సముద్రాలు దాటి వచ్చాక సంస్కృత శాసనం ముందు నిలబడితే ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇలాంటిది ఒక్కటి చూడటానికైనా మన టీచర్లు రిటైరయ్యాక కదలాలని నా కోరిక.

చవక కోసం కొందరు చేసే ఒక పని గురించి చెప్పాలి. హాస్టళ్ళలో, తోటల్లో రోజుకు నాలుగైదు గంటలు పనిచేస్తే మంచం, తిండి ఉచితంగా ఇస్తారు. కుర్రవాళ్ళు చాలామంది అలా తిరుగుతున్నారు. కానీ చాలా దేశాల్లో టూరిస్టు వీసా మీద అది కూడా పని కిందికే వస్తుంది, పట్టుబడితే వెనక్కి పంపేస్తారు. మన పాస్‌పోర్టు మీద ఒకసారి అలాంటి ముద్ర పడితే తర్వాత వీసాలు కష్టం. పిల్లలు పోతామంటే ఆ దేశం రూలు చూసుకొని పొమ్మని చెప్పండి. రూల్స్ మారుతూనే ఉంటాయి కూడా. మేము తిరిగిన రోజుల్లో థాయ్‌లాండ్ నుంచి కంబోడియాకు రోడ్డు మీద ఎంతమందో దాటేవాళ్ళు. 2025లో గొడవలు ముదిరి ఆ సరిహద్దు మూసేశారు. ఎవరో రాసింది చదివి కాకుండా, నాది చదివి కూడా కాకుండా, పోయే ముందు ఆ దేశం వెబ్‌సైట్ చూసుకోవాలి.

లెక్క మొత్తం చూస్తే, విమానాలు, వీసాలు, ఇన్సూరెన్స్ కలిపాక సగటున యాభై వేల లోపలే ఉన్నాం. ఊళ్ళు మారిన నెలలు దాటాయి, కదలని నెలలు దాన్ని పూడ్చాయి. అందులో ఇంకా తక్కువ అయింది మాత్రం నేపాల్‌లో. వేసవిలో గోరఖ్‌పూర్ దాకా రైల్లో పోయి, సునౌలి దాటి పోఖరాలో గది తీసుకున్నాం. వీసా లేదు, ఓటరు కార్డు చాలు. మన వందకు వాళ్ళ 160, ఎప్పుడూ అంతే. చాలా షాపుల్లో మన యూపీఐతోనే డబ్బు కట్టాం. అనంతపురం మే నెల ఎండ తప్పించుకోవాలనుకునే పెద్దవాళ్ళకు మొదటి ప్రయాణంగా నేను అదే చెబుతాను, విమానం ఎక్కే టెన్షన్ కూడా ఉండదు.

ఇప్పుడు ఉజ్బెకిస్తాన్ చూస్తున్నాం. ఈ-వీసా నెలకు 20 డాలర్లు, పక్కన కజకిస్తాన్‌కు మనకు పద్నాలుగు రోజులు వీసా లేకుండానే ఇస్తారు. ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కు విమానం టికెట్ బ్యాంకాక్ కన్నా ఖరీదు, అది రెండు మూడు నెలల మీదికి పంచితేనే మా లెక్కలో పడుతుంది. అందుకని సమర్‌ఖండ్‌లో నెల, బుఖారాలో కొన్నాళ్ళు, మిగతాది కజకిస్తాన్‌లోని ఆల్మటీలో అనుకుంటున్నాం. శాకాహారానికి రొట్టె, పండ్లు, పెరుగు దొరుకుతాయట. బుడ్డల పొడి ఈసారి మూడు కిలోలు కొట్టించాలి.